పొడి అక్షరాల మనిషి

ఈ సంచికకి ఎవరైనా ఒక ప్రముఖుడి జీవితం రాయమని మా క్లబ్ మీటింగ్‌లో చెప్పగానే అందరూ కవుల్నీ, స్వాతంత్ర్య సమరయోధుల్నీ, శాస్త్రవేత్తల్నీ గబగబా పంచేసుకున్నారు. లేటుగా వెళ్ళిన నాకు ఎవరూ మిగల్లేదు. సరే అని నేను ఎంచుకున్న మనిషి పేరు మీరందరూ వారానికి ఒక్కసారైనా పలికే ఉంటారు. అది మనిషి పేరని మాత్రం చాలామందికి తెలియదు. మొన్న వేసవి దాకా నాకూ తెలియదు.

ఆయన పేరు జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్. పొడి అక్షరాల్లో జేసీబీ.

2019లో జేసీబీ తవ్వకం మీద దేశమంతా మీమ్స్ వచ్చాయి, గుర్తుందా? ఎక్కడో పసుపు బండి మట్టి తవ్వుతుంటే జనం పనులు మానుకుని గుంపుగా నిలబడి చూస్తారని అందరూ నవ్వుకున్నారు. అప్పుడు స్కూల్లో ఉన్న నేను కూడా నవ్వాను, ఫార్వర్డ్ చేశాను. ఆ జనం ఎంత దూరంలో నిలబడ్డారనేది నేను గానీ, నవ్విన ఇంకెవరు గానీ చూడలేదు. ఈ వ్యాసం ఆ దూరం గురించే. బామ్‌ఫోర్డ్ గారి కథ చెప్తూనే ఆ దూరం గురించి కూడా చెప్తాను.

మొన్న సెలవుల్లో తాతయ్య వాళ్ళ ఊరు వెళ్ళాను. పాత ఇంటి వెనక కొత్త గది కట్టడానికి పునాది తవ్విస్తున్నారు. పొద్దున్నే బండి వచ్చింది. నేను ఫోన్ పట్టుకుని ప్రహరీ గోడకీ బండికీ మధ్య సందులో నిలబడి రీల్ తీస్తున్నాను. బకెట్ మట్టి ఎత్తుకుని తిరుగుతుంటే ఫ్రేమ్ అద్భుతంగా ఉంది. ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోయింది. డీజిల్ అయిపోయిందేమో అనుకున్నాను. ఆపరేటర్ అన్న దిగి నా వైపు వచ్చాడు. ఆ తర్వాత ఏం జరిగిందో చివర్లో చెప్తాను, ఎందుకంటే ఆ రోజు రాత్రి ఈ పేరు వెతకడం మొదలుపెట్టింది దానివల్లే.

బామ్‌ఫోర్డ్ 1916 జూన్ 21న ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో యుటాక్సిటర్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. వాళ్ళది కలిగిన కుటుంబం. తాతల కాలం నుంచీ వ్యవసాయ పనిముట్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది, ఊళ్ళో పేరు ఉంది. స్టోనీహర్స్ట్ అనే కాథలిక్ స్కూల్లో చదువుకుని, కొవెంట్రీలో ఆల్ఫ్రెడ్ హెర్బర్ట్ అనే మెషిన్ టూల్స్ కంపెనీలో చేరాడు. ఆ పని మీదే ఆఫ్రికాలో గోల్డ్ కోస్ట్, అంటే ఇప్పటి ఘనా, దాకా వెళ్ళాడు. తర్వాత సొంత కుటుంబం ఫ్యాక్టరీలోకి వచ్చాడు. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం. 1941లో వాయుసేన పిలిచింది. అదే సంవత్సరం మార్జరీని పెళ్ళి చేసుకున్నాడు. యుద్ధకాలంలో సరఫరాల పని చూశాడు. ఆ తర్వాత ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీలో వెల్డింగ్ పరికరాల పని చేశాడు. ఈ వెల్డింగ్ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

యుద్ధం అయ్యాక మళ్ళీ కుటుంబం ఫ్యాక్టరీకి వచ్చాడు గానీ అక్కడ పొసగలేదు. ఫ్యాక్టరీ నడిపే బాబాయికి ఈ కుర్రాడు పైకొస్తాడనే నమ్మకం లేదు. మన ఇళ్ళల్లో కూడా ఒక బాబాయో మావయ్యో ఇలాంటి మాట అంటూనే ఉంటారు కదా. తేడా ఏమిటంటే బామ్‌ఫోర్డ్ నిజంగానే బయటికి నడిచాడు.

1945 అక్టోబర్ 23న యుటాక్సిటర్‌లో ఒక చిన్న షెడ్డు అద్దెకి తీసుకుని సొంత పని మొదలుపెట్టాడు. షెడ్డు 12 అడుగులకి 15 అడుగులు. మన హాస్టల్ గది కంటే కాస్త పెద్దది, అంతే. సరిగ్గా అదే రోజు ఆయనకి పెద్ద కొడుకు ఆంథోనీ పుట్టాడు. ఒకే రోజు ఇంట్లో ఒక బిడ్డ, షెడ్డులో ఒక కంపెనీ.

చేతిలో ఉన్నవి ఒక పాత వెల్డింగ్ మెషిన్, యుద్ధం వదిలేసిన తుక్కు. బాంబుల నుంచి దాక్కోవడానికి కట్టిన షెల్టర్ల ఇనుప రేకులు, సైన్యం జీపుల ఇరుసులు. వాటిని కలిపి అతికించి, ట్రాక్టర్ వెనక తగిలించుకునే ట్రక్కు తయారుచేశాడు. మామూలు ట్రక్కు కాదు, సరుకుని ఒక పక్కకి వంచి దింపేసే టిప్పర్ ట్రక్కు. ఊరి సంతకి తీసుకెళ్తే 45 పౌండ్లకి అమ్ముడుపోయింది, దానికి తోడు కొన్న రైతు తన పాత బండి ఒకటి ఇచ్చేశాడు. ఆ పాత బండిని బాగుచేసి అమ్మితే ఇంకో 45 పౌండ్లు వచ్చాయి. ఆయన మొదట అడిగిన ధర 90 పౌండ్లే. మొత్తానికి అడిగింది వచ్చేసింది, కాస్త చెమట ఎక్కువ పట్టిందంతే.

ఇక్కడ నన్ను ఆపేసిన విషయం ఆ ట్రక్కు వంగే పద్ధతి. 1948 నాటికి ఆయన దానికి హైడ్రాలిక్స్ తగిలించాడు. యూరప్‌లో అలాంటి ట్రక్కు అదే మొదటిదని చెప్తారు. హైడ్రాలిక్స్ అంటే ఇంటర్‌లో మనం మార్కుల కోసం చదివిన పాస్కల్ సూత్రమే. మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని చోట్లకీ సమానంగా పాకుతుంది. చిన్న పిస్టన్ కంటే పెద్ద పిస్టన్ వైశాల్యం 10 రెట్లు ఉంటే, బలం కూడా 10 రెట్లు వస్తుంది. అంతవరకు కష్టమంటే గేర్లు, గొలుసులు, ఇనుప తాళ్ళు. ఆ తాళ్ళు కిర్రుమని అరిచేవి, ఎంత బరువు మోస్తున్నాయో చూసేవాళ్ళకి తెలిసేది. నూనెతో నడిచే చెయ్యి అరవదు. వేలితో లీవర్ కదిపితే చాలు, టన్నుల బలం మెత్తగా కదులుతుంది. ఆ మెత్తదనం వల్లే ఈ బండి ఇంత విజయం సాధించింది. ఆ మెత్తదనం వల్లే దాని పక్కన నిలబడ్డవాళ్ళకి భయం వెయ్యదు కూడా.

1949లో ఫోర్డ్‌సన్ మేజర్ అనే ట్రాక్టర్ ముందు తగిలించే లోడర్ చేశాడు. 1950లో రొసెస్టర్ అనే ఊళ్ళో మూతపడిన ఒక చీజ్ ఫ్యాక్టరీకి మారాడు. అప్పటికి పనివాళ్ళు ఆరుగురే. మరుసటి సంవత్సరం నుంచి తన యంత్రాలన్నిటికీ పసుపు రంగు వేయించడం మొదలుపెట్టాడు. మన ఊళ్ళల్లో పొలం గట్ల మీద దూరం నుంచే కనిపించే ఆ పసుపు రంగు అప్పటిదే.

తర్వాత నార్వేలో ట్రాక్టర్ వెనక తగిలించి మట్టి తవ్వే ఒక చిన్న యంత్రాన్ని చూశాడు. మనమైతే ఫోటో తీసుకుని వచ్చేవాళ్ళం. ఆయన దాన్ని కొని ఇంటికి తెచ్చుకున్నాడు. విప్పాడు, ఆలోచించాడు. తన దగ్గర ఇప్పటికే ట్రాక్టర్ ముందు లోడర్ ఉంది. వెనక ఈ తవ్వే చెయ్యి కూడా పెడితే? ఒకే ట్రాక్టర్ ముందు నుంచి ఎత్తుతుంది, వెనక నుంచి తవ్వుతుంది. 1953లో ఆ యంత్రం బయటికొచ్చింది. ఇంగ్లిష్‌లో బ్యాక్‌హో లోడర్ అంటారు. అదే సంవత్సరం తన పేరులోని మూడు అక్షరాలని ఏటవాలుగా పేర్చిన లోగో కూడా మొదటిసారి దాని మీద కనిపించింది. 1957లో ముందు, వెనక భాగాలు రెండూ కలిసిన హైడ్రా డిగ్గర్ వచ్చింది. 1964 నాటికి 3సీ అనే మోడల్ ఒక్కటే 3,000కి పైగా అమ్ముడైంది.

ఇప్పుడు ఒక్కసారి ఆ యంత్రాన్ని కళ్ళ ముందుకి తెచ్చుకోండి. బరువు సుమారు 7 నుంచి 8 టన్నులు. ముందు వెడల్పాటి బకెట్. వెనక మోచెయ్యిలా వంగే పొడుగాటి చెయ్యి, దాని చివర సన్న బకెట్. 4 మీటర్లకి పైగా లోతు తవ్వగలదు. తవ్వేటప్పుడు వెనక రెండు పక్కలా రెండు కాళ్ళు దిగి నేలకి ఆనుకుంటాయి, వాటిని జాకీలంటారు. అవి దిగకుండా తవ్వితే టైర్ల మీద బండి ఊగుతుంది, పక్కకి ఒరిగిపోతుంది. ఇక ఆ చెయ్యి ఇటు నుంచి అటు దాదాపు అర్ధచక్రం తిరుగుతుంది. ఆ అర్ధచక్రంలో గోడ ఉంటే గోడకి, మనిషి ఉంటే మనిషికి తగులుతుంది. చేతికీ గోడకీ మధ్య మనిషి ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బుల్డోజర్‌నో క్రేన్‌నో చూసి మనం దూరం జరుగుతాం. ఈ బండి సందుల్లోకి కూడా దూరుతుంది కాబట్టి మనింటి మనిషి అనుకుని దగ్గరికి వెళ్తాం. చిన్న బండే కదా అన్న మాట దీని దగ్గర చాలా ప్రమాదం.

బామ్‌ఫోర్డ్ గురించి చదివినవాటిలో నాకు బాగా నచ్చింది కెటిల్ కథ. ఇంగ్లండ్ చలిలో, వానలో రోజంతా ఆ సీట్లో కూర్చుని పనిచేసే ఆపరేటర్‌కి ఏం కావాలి అని ఆయన ఆలోచించాడు. టీ కావాలి. అందుకని ఒక కొత్త మోడల్ కేబిన్‌లో కరెంటు సాకెట్ పెట్టించాడు, నీళ్ళు కాచుకునే కెటిల్ తగిలించుకోవడానికి. అంతటితో ఆగలేదు. మొదటి 100 మంది కొనుగోలుదారులకి ఆ కెటిల్స్ తనే స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాడు, అది కూడా రోల్స్ రాయిస్ కారులో. ఆ కారు నంబర్ ప్లేటు మీద ఉన్నది జేసీబీ 1.

ఇది పబ్లిసిటీ కోసమే అనొచ్చు. పబ్లిసిటీయే. ఆ విద్యలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. ఈ యంత్రాలని చేతుల మీద పైకి లేపి నాట్యం చేయించే డాన్సింగ్ డిగ్గర్స్ అనే ప్రదర్శన బృందం కూడా ఆ కంపెనీకి ఉంది. అయినా నాకు ఆ కెటిల్ వెనక ఒక ఇంజినీరు కనిపించాడు. యంత్రం అంటే ఇనుము, నూనె మాత్రమే కాదు, అందులో కూర్చునే మనిషి కూడా యంత్రంలో భాగమే అని తెలిసిన ఇంజినీరు. వణుకుతున్న చేతులు లీవర్‌ని సరిగ్గా కదపలేవు. అలసిన కళ్ళు వెనక ఉన్న మనిషిని చూడలేవు. మనం యాప్ రాసేటప్పుడు యూజర్ యూజర్ అని కలవరిస్తాం కదా, ఆయన ఆ యూజర్ ఇంటికి టీ కెటిల్ పట్టుకుని వెళ్ళాడు.

పనివాళ్ళ విషయంలోనూ అంతే. పొద్దున్నించి రాత్రి దాకా తను పనిచేసేవాడు, వాళ్ళతో చేయించేవాడు. వృథా అంటే గిట్టదు. కానీ లాభం వచ్చినప్పుడు పంచడం తెలుసు. 1964లో ఒక పొలం బండి ఎక్కి నిలబడి, పనివాళ్ళందరికీ కలిపి 2,50,000 పౌండ్ల బోనస్ ఇచ్చాడు. మొదట అమ్మింది అలాంటి బండినే అని గుర్తు చేసుకుంటే ఆ నిలబడిన చోటు ఊరికే ఎంచుకున్నది కాదనిపిస్తుంది. ఫ్యాక్టరీ చుట్టూ చెరువులు తవ్వించి, చెట్లు నాటించాడు. తవ్వే యంత్రాలు చేసేవాడికి చెరువు తవ్వడం ఎంతసేపు!

1969లో బ్రిటిష్ ప్రభుత్వం సీబీఈ బిరుదు ఇచ్చింది. 1975లో, ఇంకా 60 కూడా నిండకముందే, కంపెనీని కొడుకు ఆంథోనీకి అప్పగించి స్విట్జర్లాండ్ వెళ్ళిపోయాడు. షెడ్డు మొదలుపెట్టిన రోజున పుట్టిన ఆ కొడుకే. 1979లో కంపెనీ మన దేశానికి వచ్చింది, హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. 2001 మార్చి 1న లండన్‌లో ఆయన చనిపోయాడు. అప్పటికి 84 ఏళ్ళు. నేను ఇంకా పుట్టలేదు.

ఆయన పోయాడు గానీ పేరు మన భాషలో స్థిరపడిపోయింది. కంపెనీ ఏదైనా మనకి అది జేసీబీయే. జేసీబీ పెట్టించారా అంటాం, జేసీబీతో లాగించేద్దాం అంటాం. గంటకి ఇంత అని మాట్లాడుకుంటాం. చెరువు పూడిక నుంచి పైపులైన్ దాకా, పునాది నుంచి పాత ఇల్లు పడగొట్టడం దాకా అన్నిటికీ అదే. అప్పట్లో పది మంది పారలు పట్టుకుని రోజంతా చేసే పని గంటలో అయిపోతోంది. ఇంత పేరున్న ఆ యంత్రం మీద కూర్చునే మనిషికి మాత్రం పేరు లేదు. జేసీబీ వచ్చింది అంటాం, ఎవరొచ్చారో అడగం. కెటిల్ సంగతి దేవుడెరుగు, మంచినీళ్ళు కావాలా అని అడగడం కూడా మర్చిపోతాం.

ఇప్పుడు మా పెరట్లోకి వద్దాం.

ఇంజిన్ ఆపి దిగిన అన్న నన్ను తిట్టలేదు. తిడితే బావుండేది. ముందు ఫోన్ జేబులో పెట్టుకోమన్నాడు. నన్ను సందులోంచి బయటికి రమ్మని, పక్కన నిలబడి చూస్తున్న మా తమ్ముడిని నేను నిలబడిన చోటే నిలబడమన్నాడు. తాళం తన జేబులో వేసుకుని, నన్ను పైకెక్కి సీట్లో కూర్చోమన్నాడు. ఎక్కేటప్పుడే ఒక పాఠం. దూకినట్టు ఎక్కబోతే ఆపాడు. బండి వైపు మొహం పెట్టి, రెండు చేతులు, ఒక కాలు లేదా రెండు కాళ్ళు, ఒక చెయ్యి, ఎప్పుడూ మూడు ఆనుకుని ఉండాలి. దిగేటప్పుడు కూడా అంతే, వెనక్కి తిరిగి మెట్లు దిగినట్టు దిగకూడదు. ఆయన దిగినప్పుడు అలాగే దిగాడని అప్పుడు గుర్తొచ్చింది.

సీట్లో కూర్చున్నాను. సీటు వెనక్కి తిరిగి ఉంది. బూమ్ ఇంకా ప్రహరీ వైపే ఉంది. తమ్ముడు ఎక్కడున్నాడో చూడమన్నాడు.

కనిపించలేదు.

మెడ సాచి చూశాను. బూమ్, దాని పైపులు, కేబిన్ స్తంభం, బకెట్ నిండా మట్టి. వాటి వెనకెక్కడో పదిహేనేళ్ళ మా తమ్ముడు ఉన్నాడు, పొడుగ్గానే ఉంటాడు, ఎర్ర చొక్కా కూడా వేసుకున్నాడు. అక్కడున్నానని వాడు అరిచాడు కాబట్టి తెలిసింది. ఇంజిన్ నడుస్తుంటే ఆ అరుపు కూడా వినిపించదు. రీల్ తీస్తూ నేను అనుకున్నది ఏమిటంటే, నాకు బండి అంత స్పష్టంగా కనిపిస్తోంది కదా, ఆయనకి నేనూ అలాగే కనిపిస్తుంటానని. మనకి కనిపిస్తున్నంత మాత్రాన మనం కనిపిస్తున్నట్టు కాదు. ఈ ఒక్క వాక్యం కోసమే ఈ వ్యాసం రాశాను అన్నా తప్పు లేదు.

మరి నేను కనిపించకపోతే ఆయన ఎందుకు ఆపాడు? చివరిసారి బూమ్ అటు తిప్పినప్పుడు సందు మొదట్లో నన్ను చూశాడట. మళ్ళీ తిప్పబోతే నేను కనిపించలేదు. వెళ్ళిపోయి ఉంటానని అనుకోవచ్చు. ఆయన అలా అనుకోలేదు. కనిపించని మనిషి అక్కడే ఉన్నాడని లెక్క అని చెప్పాడు.

ఆ తర్వాత టీ తాగుతూ ఆయన చెప్పినవి నేను నోట్‌లో రాసుకున్నాను. కొన్ని నాకు కొత్తవి, కొన్ని వింటే ఇంతేనా అనిపించేవి.

పని మొదలుపెట్టే ముందు బండి చుట్టూ ఒక్కసారి నడవాలి. టైర్లు, పిన్నులు, పైపులు, నేల మీద నూనె మరకలు చూడాలి. హైడ్రాలిక్ పైపు కారుతున్నట్టు అనిపిస్తే వేలు పెట్టి వెతకకూడదు. సూది మొనంత కన్నంలోంచి వచ్చే నూనె కూడా చర్మంలోకి దూసుకుపోతుంది. బయటికి చిన్న గాయంలా ఉంటుంది, లోపల కండ పాడైపోతుంది, చెయ్యి తీసేయాల్సి రావచ్చు. అట్టముక్క పెట్టి చూడాలి. అలాంటి గాయమైతే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. ఇంజిన్ ఆపినా పైపుల్లో ఒత్తిడి ఉంటుంది, అందుకే దిగే ముందు బకెట్లు రెండూ నేల మీద ఆనించాలి. గాల్లో ఉన్న బకెట్ కింద ఒక్క క్షణం కూడా నిలబడకూడదు. పాస్కల్ సూత్రంలో ఈ సంగతులు నాకెవరూ చెప్పలేదు.

తవ్వే ముందు పైకి చూడాలి, కిందా చూడాలి. పైన కరెంటు తీగలు. కింద నీళ్ళ పైపు, కేబుల్. ఎక్కడేముందో ఇంటివాళ్ళే చెప్పాలి, మట్టి లోపల ఏముందో ఆపరేటర్‌కి కల రాదు కదా. తవ్విన మట్టిని అంచునే పోయకూడదు. ఒక ఘనపు మీటరు మట్టి సుమారు ఒకటిన్నర టన్ను తూగుతుంది. ఆ బరువు అంచు మీద, దాని పక్కన బండి బరువు. గోతిలో మనిషి. అంచు విరిగితే పారిపోవడానికి టైముండదు. 1.5 మీటర్ల కంటే లోతైన గోతికి పక్కగోడలు కూలకుండా ఆసరా కట్టాలని మన భారతీయ ప్రమాణాల్లోనే ఉంది. ఊళ్ళల్లో ఎంతమంది కడుతున్నారో మీరే ఆలోచించండి.

బకెట్‌లో మనుషుల్ని ఎక్కించకూడదు. పెళ్ళికొడుకుని ఎక్కించినా, నాయకుడికి పైనుంచి గజమాల వేయించినా అది మట్టి ఎత్తడానికి చేసిన బకెట్టే. లీవర్‌కి మోచెయ్యి తగిలితే అది వంగిపోతుంది, లోపల ఉన్నది మట్టా మనిషా దానికి తెలియదు. పక్కన మెట్టు మీద వేలాడుతూ వెళ్ళడమూ అంతే. సీటు ఒక్కటే ఉంది అంటే ఒక్కడే ఎక్కాలని అర్థం. ఆ ఒక్కడూ బెల్టు పెట్టుకోవాలి. బండి ఒరిగితే చాలామంది దూకేస్తారు, దూకినవాళ్ళ మీదే అది పడుతుంది. కేబిన్ గట్టిగా ఉండేది లోపల ఉన్నవాడి కోసం, బెల్టు ఉండేది వాడు లోపలే ఉండడం కోసం.

జాకీల గురించి చెప్పేటప్పుడు మాత్రం అన్న కాసేపు ఆగాడు. ఎన్నో ఏళ్ళ కింద తను కొత్తగా నేర్చుకుంటున్నప్పుడు, ఇంకో చోట, ఇంకో బండి దగ్గర, తనతో పాటే హెల్పర్‌గా చేరిన కుర్రాడి పాదం మీద జాకీ దిగిందట. ఆపరేటర్ చూడలేదు. ఆ కుర్రాడు నేల గట్టిగా ఉందో లేదో చూడటానికి వంగి ఉన్నాడు, తన పని తను చేస్తున్నాడు. ఆ తర్వాత అతను ఆ పనిలో లేడు. అప్పట్నుంచీ జాకీ దించే ప్రతిసారీ హారన్ కొట్టి, రెండు పక్కలా చూసి, హెల్పర్ తన కళ్ళ ముందు నిలబడి చెయ్యి ఊపితేనే దించుతానని చెప్పాడు. పొద్దున్నించీ ఆ హారన్ నేనూ విన్నాను. ఊరికే కొడుతున్నాడని విసుక్కున్నాను కూడా.

ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావన్నా అని అడిగాను. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదట. హెల్పర్‌గా చేరి, బండి కడిగి, గ్రీజు పెట్టి, ఆపరేటర్ భోజనానికి వెళ్ళినప్పుడు లీవర్లు పట్టుకుని నేర్చుకున్నాడు. తర్వాత లైసెన్సు తీసుకున్నాడు. ఆయనకి తెలిసిన చాలా జాగ్రత్తలు ఎవరికో దెబ్బ తగిలాక తెలిసినవే. నన్ను బాధపెట్టింది అదే. కాలేజీలో మనకి ఒక తప్పు జరిగితే ఎర్రర్ మెసేజ్ వస్తుంది, సరిచేసి మళ్ళీ రన్ చేస్తాం. అక్కడ ప్రతి పాఠానికీ ఒక పాదమో ఒక వేలో ఖర్చయింది.

టీ అయ్యాక తాతయ్య లోపలికి వెళ్ళి సున్నం తెచ్చారు. అన్న బూమ్‌ని పూర్తిగా చాచి ఎంత దూరం వస్తుందో చూపించాడు. దానికి ఇంకో రెండు గజాలు కలిపి మేస్త్రి నేల మీద సున్నంతో అర్ధచక్రం గీశాడు. ఇంజిన్ నడుస్తున్నంతసేపు ఆ గీత దాటి ఎవరూ లోపలికి రాకూడదు, మట్టి కొలవాలన్నా సరే. పిలవాలంటే ముందు నుంచి వచ్చి, ఆయన కళ్ళలోకి చూసి, ఆయన లీవర్లు వదిలాక మాత్రమే దగ్గరికి రావాలి. అయిదు నిమిషాల పని. ఖర్చు గుప్పెడు సున్నం. సాయంత్రం దాకా వీధి పిల్లలంతా ఆ గీత బయట కూర్చుని తవ్వకం చూశారు. మీమ్‌లో ఉన్నట్టే. నేనూ వాళ్ళతో కూర్చున్నాను. రీల్ మాత్రం డిలీట్ చేసేశాను. అందులో బకెట్ నా వైపు తిరుగుతూ, పెద్దదవుతూ, ఆగిపోతుంది. మళ్ళీ చూడాలనిపించలేదు.

ఆ రాత్రి మేడ మీద పడుకుని బామ్‌ఫోర్డ్ గురించి చదివాను. తుక్కు ఇనుముతో మొదలుపెట్టి ప్రపంచమంతా తన పేరు పాకేలా చేసిన మనిషి. సీట్లో కూర్చునేవాడికి టీ కెటిల్ ఇవ్వాలని ఆలోచించిన మనిషి. సీటు తయారుచేశాడు, కేబిన్ కట్టాడు, బలాన్ని వేలి కొసకి తెచ్చి ఇచ్చాడు. కానీ మా తాతయ్య పెరట్లో గోడ ఎక్కడుందో, దాని పక్కన ఫోన్ పట్టుకుని ఎవడు నిలబడతాడో ఇంగ్లండ్‌లో కూర్చుని ఆయన ఎలా ఊహించగలడు? ఆ సున్నం గీత గీయాల్సింది మనమే.

మన క్యాంపస్‌లో లైబ్రరీ వెనక కొత్త బ్లాకు పని నడుస్తోంది. క్లాసులకి లేటయితే మనమంతా ఆ తవ్వకం పక్కనుంచి అడ్డదారిలో వెళ్తున్నాం, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని. పోయిన సోమవారం నుంచి నేను చుట్టూ తిరిగి వెళ్తున్నాను. నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతోంది. నిన్న అక్కడి ఆపరేటర్ అన్న టీ బ్రేక్‌లో కిందికి దిగినప్పుడు పేరడిగాను. ముందు ఎందుకని అనుమానంగా చూశాడు, తర్వాత చెప్పాడు. ఆయన అనుమతి అడగలేదు కాబట్టి ఇక్కడ రాయడం లేదు. కానీ ఇకనుంచి నాకు ఆ బండి జేసీబీ మాత్రమే కాదు, దాని మీద ఇంకో పేరు కూడా ఉంది.